మళ్లీ తెరిచిన స్థానిక చరిత్ర మ్యూజియం: తాతయ్య చిత్రిక ఎక్కడికి పోయింది?

మేడమీది_కిటికీ
ఆదివారం, రాత్రి 9.10

మరమ్మతుల కోసం రెండేళ్లు మూసి ఉంచిన మా స్థానిక చరిత్ర మ్యూజియాన్ని మళ్లీ తెరిచారు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా ఉన్నాను. సంతోషంగానే తిరిగాను కానీ చివర్లో మనసు చివుక్కుమంది. రెండూ రాస్తాను.

చిన్నప్పటి నుంచి ఎరిగిన చోటు అది. అద్దాల బీరువాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. తాళంకప్పలే నలభై దాకా వరుసగా పేర్చి ఉండేవి. టైపు కొట్టిన చీటీలు పసుపెక్కి, మూలలు లేచి, సగం అక్షరాలు వెలిసిపోయి ఉండేవి. ఇప్పుడు లోపలికి అడుగు పెట్టగానే నేలంతా పరుచుకున్న పటం కనిపిస్తుంది. వందేళ్ల నాటి వీధులను ఒక రంగులో, ఇప్పటి వీధులను మరో రంగులో గీశారు. ఒక పెద్దాయన తన ఇల్లున్న చోట నిలబడి, ఒకప్పుడు ఆ పాదాల కిందే చెరువు ఉండేదని మనవడికి చూపిస్తున్నారు. మరో గదిలో బల్ల మీద కూర్చుని రిసీవరు చెవికి ఆనించుకుంటే, మగ్గం మీద పనిచేసినవాళ్లు, రైల్వేలో పనిచేసినవాళ్లు తమ గొంతుతో తామే చెబుతున్నారు. అక్కడ అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఆ తర్వాత వడ్రంగుల గది. పాత బీరువాలో మా తాతయ్య చిత్రిక, అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు, ఉండేది. ఆయన పోయాక అమ్మ, మామయ్య కలిసి ఆయన పనిముట్లను మ్యూజియానికి ఇచ్చారు. పక్కన చీటీ మీద ఆయన పేరుండేది. బడి నుంచి తీసుకెళ్లిన ప్రతిసారీ అద్దం మీద వేలు పెట్టి ఆ పేరును స్నేహితురాళ్లకు చూపించేదాన్ని. కొత్త పెట్టెలో ఒక బాడిస, ఒక రంపం, రెండు ఉలులు ఉన్నాయి. పక్కన «వడ్రంగి పనిముట్లు. చెక్క, ఇనుము» అని రాశారు. చిత్రిక లేదు, పేరు లేదు. అక్కడున్న అబ్బాయిని అడిగితే తాను కొత్తగా చేరానని, తెలియదని మర్యాదగానే చెప్పాడు.

ఇచ్చిన వస్తువు ఏమైందో ఎవరిని అడగాలి? ఇక్కడ మ్యూజియం పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.


వేపచెట్టు_నీడ
ఆదివారం, రాత్రి 9.48

మీ బాధ నాకు అర్థమైంది. నేనూ నిన్న వెళ్లి వచ్చాను. పాత మ్యూజియంలో నాలుగు వందల వస్తువులుంటే ఇప్పుడు వందైనా లేవనిపించింది. ఖాళీ గోడలు, మెరిసే తెరలు, మధ్యలో ఒక్కొక్క వస్తువు. ఆ ఇరుకులోనే ఒక నిండుదనం ఉండేది. నలభై తాళంకప్పలు పక్కపక్కన చూస్తేనే ఏ రెండూ ఒకలా ఉండవని, ఒక్కో కమ్మరిది ఒక్కో పనితనమని తెలిసేది. ఒక్కటే పెడితే అది తాళం మాత్రమే.

తెరల మీద వేలితో తోసుకుంటూ చూసేదానికి మ్యూజియం దాకా వెళ్లడం ఎందుకు?


బల్లమీద_సుద్ద
ఆదివారం, రాత్రి 10.20

బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. శుక్రవారం 38 మంది పిల్లలను తీసుకెళ్లాను, కాబట్టి నేను చూసింది కొంచెం వేరు.

పాత మ్యూజియంలో పిల్లలు పావుగంటలో ఒక చివర నుంచి మరో చివరకు పరిగెత్తి, «అయిపోయింది టీచర్» అనేవారు. ఈసారి ఒక్క సొరుగుల బల్ల దగ్గరే ఇరవై నిమిషాలు ఆగారు. సొరుగు లాగితే అద్దం కింద పాత రేషన్ కార్డు, ఒకరి మార్కుల పట్టిక, ఒక పెళ్లి పత్రిక. ఎవరికి వారు లాగి తెలుసుకునేలా ఉండటం వల్ల ఆ కాగితాలను చదివారు. గోడకు తగిలించి ఉంటే కన్నెత్తి చూసేవారు కాదు.

అయితే మేడమీది కిటికీ గారు చెప్పిన గదిలోనే మా ఆరో తరగతి అమ్మాయి ఒకటి అడిగింది: «ఇవి ఎవరివి టీచర్?» చీటీ చూశాను. చెక్క, ఇనుము అని ఉంది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ పిల్ల తెలివైన ప్రశ్నే అడిగింది. జవాబు అక్కడ ఉండాల్సింది.


పాత_రిజిస్టరు
సోమవారం, ఉదయం 6.35

అమ్మా, మీ తాతయ్యగారి చిత్రిక పోయి ఉండదు. మ్యూజియాల్లో వస్తువుల నమోదు పనే ఇరవై ఆరేళ్లు చేశాను కాబట్టి కొంత ధైర్యంగా చెబుతున్నాను.

మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ నమోదు సంఖ్య ఇస్తారు. చాలాచోట్ల ఆ సంఖ్యలో మొదట వచ్చిన సంవత్సరం, తర్వాత ఆ ఏడాది వచ్చిన ఎన్నో బాపతు, ఆ బాపతులో ఎన్నో వస్తువు అని ఉంటుంది. ఇచ్చినవారి పేరు, ఎలా వచ్చింది, ఏ స్థితిలో ఉంది అన్నీ రిజిస్టరులో రాస్తారు. గదిలో చీటీ మారినా, పెట్టె మారినా, భవనమే మారినా ఆ సంఖ్య మారదు. వస్తువు మీద కూడా ఎక్కడో కంటికి తగలని చోట సన్నగా రాసి ఉంటుంది. ముందు పారలాయిడ్ బి-72 అనే, వార్నిష్ లాంటి పారదర్శకమైన రెసిన్‌ను పల్చగా పూసి, దాని మీద సిరాతో సంఖ్య వేసి, పైన మరో పూత వేస్తారు. ఎప్పుడైనా తీసేయాలంటే అసిటోన్‌తో తుడిస్తే చాలు, చెక్కకు సిరా అంటదు. వస్తువుకు మనం చేసే ఏ పనినైనా వెనక్కి తీసుకోగలిగేలా ఉంచాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

ప్రదర్శనలో లేని వస్తువు నిల్వ గదిలో ఉంటుంది. పెద్ద మ్యూజియాల్లో బయట కనిపించేది చాలా తక్కువ. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులుంటే ఏ సమయంలోనైనా ప్రదర్శనలో ఉండేవి దాదాపు 80 వేలు, అంటే నూటికి ఒకటి. ఇప్పుడు కొన్నిచోట్ల నిల్వ గదులనే జనానికి తెరుస్తున్నారు. రోటర్‌డామ్‌లో బోయ్‌మన్స్ మ్యూజియం అందుకోసమే కట్టిన భవనాన్ని 2021లో తెరిచింది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2025లో తెరిచిన నిల్వ భవనంలో, ముందుగా కోరుకుంటే ఆ వస్తువును తీసి బల్ల మీద పెట్టి చూపిస్తారు. చిన్న మ్యూజియాలకు అంత స్తోమత ఉండదు, కానీ అడిగే హక్కు మీకు అక్కడా ఉంటుంది.

మీరు చేయవలసింది ఇది. ఇంట్లో పాత కాగితాలు వెతకండి. వస్తువులు ఇచ్చినప్పుడు రసీదో, కృతజ్ఞతల ఉత్తరమో వచ్చి ఉంటుంది. దాని మీద సంఖ్య ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే ఇచ్చిన సంవత్సరం, మీ అమ్మగారి పేరు, వస్తువు వర్ణన రాసి క్యూరేటర్ పేరిట ఉత్తరం ఇవ్వండి. ద్వారం దగ్గర నోటితో అడిగింది గాలికి పోతుంది. రాతపూర్వకంగా అడిగితే ఎవరో ఒకరు రిజిస్టరు తెరవక తప్పదు.


మేడమీది_కిటికీ
సోమవారం, ఉదయం 7.15

చాలా కృతజ్ఞతలండీ. అమ్మ పెట్టెలో వెతుకుతాను.


దారిన_పోతూ
సోమవారం, మధ్యాహ్నం 1.05

నేనూ వెళ్లాను. బట్టల గది మరీ చీకటిగా ఉంది. కొత్తగా ఇంత చేసి దీపాలు పెట్టడం మరిచారా? పైగా రెండు కొత్త పెట్టెలు పూర్తిగా ఖాళీ. పని ముగియకుండానే తెరిచారేమో.


వెలుగునీడ
సోమవారం, సాయంత్రం 6.30

దీపాలు మరిచిపోలేదండీ, లెక్కగా తగ్గించారు. వస్త్రాలు, కాగితం, పాత ఫోటోలు, నీటిరంగుల బొమ్మల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పడకూడదన్నది మ్యూజియాలు పాటించే కొలత. తైలవర్ణ చిత్రాలకు 200 దాకా పరవాలేదు. రాయి, మట్టిపాత్ర, లోహం వెలుగుకు పెద్దగా చెడవు, అందుకే పక్క గదిలో కుండలు ధగధగలాడుతున్నాయి.

రంగు వెలవడం ఒక్కరోజులో కనిపించదు, ఏ రోజుకారోజు కూడుతుంది. 50 లక్స్ వెలుగులో పది గంటలుంచినా, 500 లక్స్‌లో ఒక గంట ఉంచినా జరిగే నష్టం ఒకటే. చీర ఒకసారి వెలిసిపోతే ఎవరూ దానికి ఆ రంగు తిరిగి ఇవ్వలేరు. పాత భవనంలో దక్షిణపు కిటికీ పక్కన వేలాడదీసిన ఎర్ర చీర గుర్తుందా? మడత లోపల ఇంకా కుంకుమరంగులో ఉండేది, పైభాగం గులాబీకి దిగిపోయింది. ఇప్పుడు దాన్ని తిప్పి, మడత విప్పి, లోపలి రంగు కనిపించేలా మసక వెలుగులో పరిచారు. రెండు రంగుల మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంది. ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఒక చిన్న చిట్కా. ఎండలోంచి నేరుగా ఆ గదిలోకి వెళ్లకండి. కుండల గది కాకుండా ఫోటోల గది మీదుగా వెళ్లి, ఐదు నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక నేత గళ్లు కూడా కనిపిస్తాయి. ఆ వరుస ఎటు వెళ్లాలో గోడ మీద బాణం గుర్తు పెట్టి ఉంటే బాగుండేది. అది మ్యూజియంవారి లోపమే.


పాత_రిజిస్టరు
సోమవారం, రాత్రి 8.10

ఖాళీ పెట్టెల సంగతి నేను చెబుతాను. నా అంచనా నిజమైతే, వాటిని ఖాళీగా ఉంచినందుకు అక్కడి ఉద్యోగులను మెచ్చుకోవాలి.

కొత్త ప్లైవుడ్, కొత్త రంగు, కొన్ని జిగుర్లు నెలల తరబడి ఆవిరి వదులుతాయి. అందులో ఆమ్లాలుంటాయి. గాలి ఆడని పెట్టెలో ఆ ఆవిరి వస్తువు మీదే పని చేస్తుంది. సీసం తెల్లటి పొడిగా రాలుతుంది. గంధకపు ఆవిరి ఉంటే వెండి నల్లబడుతుంది. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ దీనికి ఒక పరీక్ష కనిపెట్టారు. పెట్టెకు వాడబోయే పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు గాజు సీసాలో పెట్టి, కొంచెం నీరు ఉంచి, మూత బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహపు ముక్కలు మెరుస్తూ ఉంటే ఆ పదార్థం మంచిది. మచ్చలు పడితే పనికిరాదు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆడీ పరీక్ష అనే దాన్ని పిలుస్తారు.

ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడినప్పుడు, రంగు ఆరకముందే వస్తువులు లోపల పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. నేను పనిచేసిన ఒకచోట అలాగే పెట్టించారు. ఆరు నెలల్లో సీసపు ముద్రలు పిండి పట్టాయి. ఆ సంగతి తలచుకుంటే ఈనాటికీ నిద్ర పట్టదు. ఖాళీగా ఉంచగలిగారంటే ఎవరో గట్టిగా నిలబడ్డారన్నమాట.


నాలుగు_చక్రాలు
సోమవారం, రాత్రి 9.25

వేపచెట్టు నీడ గారూ, పాత మ్యూజియం నిండుదనం గురించి మీరు రాసింది చదివాను. ఆ నిండుదనం నేనెప్పుడూ చూడలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు ఆ బీరువాల మధ్య దారి ఉండేది కాదు. మేడ మీదికి మెట్లు తప్ప మరో మార్గం లేదు. మా తమ్ముడు పైకి వెళ్లి ఫోనులో ఫోటోలు తీసుకొచ్చి కింద నాకు చూపించేవాడు. నలభై ఏళ్ల వయసులో మొన్న మొదటిసారి లిఫ్టులో పైకి వెళ్లాను. ఫోటోల్లో చూసిన రాతి శాసనం అంత పెద్దదని అప్పుడే తెలిసింది. దాని అడుగు వరుస సరిగ్గా నా కళ్లకు ఎదురుగా ఉంది. నిలబడి చూసేవాళ్లు ఆ వరుస కోసం వంగుతున్నారు.

ఈ వంగడం గురించి వందేళ్ల కిందటే ఒకరు పట్టించుకున్నారు. బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్, ఒక మనిషిని పెట్టెల్లోని వస్తువులు పరిశీలించమని చెప్పి, అతను వంగుతూ, మోకాళ్లు మడుస్తూ, మెడ సాచుతూ పడిన పాట్లన్నీ ఫోటోలు తీయించి 1916లో ప్రచురించారు. మ్యూజియం అలసట అన్న మాటకు ఆ వ్యాసమే మూలం. తప్పు చూసేవారి ఓపికది కాదు, పెట్టెల ఎత్తుది అని ఆయన చూపించారు.

కొత్త మ్యూజియంలోనూ లోటుపాట్లున్నాయి. రెండు తెరలు నా చేతికి అందవు. ఒకచోట చీటీని పడుకోబెట్టి అతికించారు, కింది నుంచి చూస్తే దీపం మెరుపు తప్ప అక్షరం కనిపించదు. అవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. వారం తర్వాత వెళ్లి చూస్తాను.


వేపచెట్టు_నీడ
మంగళవారం, ఉదయం 8.00

నాలుగు చక్రాలు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను నిండుదనం అన్నచోట మీకు దారి లేదన్నది నాకు ఎన్నడూ తట్టలేదు. క్షమించండి.

తెరల గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. నేను వెళ్లిన రోజే ఒకటి పనిచేయడం లేదు. తాళంకప్ప వందేళ్లు నిలిచింది, దాని గురించి చెప్పే తెర పదేళ్లు నిలవదు. ఆ కథను గోడ మీద అక్షరాల్లో కూడా రాస్తే తెర ఆగిపోయినా కథ ఆగదు.


బల్లమీద_సుద్ద
మంగళవారం, రాత్రి 7.40

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి, పిల్లలకు చెప్పే ఒక కథ ఇక్కడా చెబుతాను. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన నగరం ఉర్‌లో, బాబిలోన్ రాజు నబోనిడస్ కూతురు ఎన్నిగల్డి నివసించిన భవనంలో, పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ 1925లో తవ్వుతుంటే ఒకే నేల మీద వేర్వేరు యుగాల వస్తువులు బయటపడ్డాయి. కొన్ని అప్పటికే వెయ్యేళ్లకు పైగా పాతవి. ఎవరో కావాలని సేకరించి పెట్టినవి. వాటితో పాటు రాత ఉన్న ఒక చిన్న గుండ్రటి మట్టి దిమ్మ దొరికింది. ఇంచుమించు క్రీస్తుపూర్వం 530 నాటి మ్యూజియం చీటీ అది అని చాలామంది అంటారు.

నాకు నచ్చేది అందులో ఉన్న సమాచారం. దాని మీద ఒక పాత ఇటుక మీది రాతకు నకలు ఉంది. ఆ ఇటుక ఎక్కడ దొరికింది, ఏ రాజు చేయించినది, దాన్ని ఎవరు కనుక్కున్నారు, చూసేవారి కోసం ఎవరు నకలు రాశారు, అన్నీ ఉన్నాయి. మట్టి అని రాసి ఊరుకోలేదు.


మేడమీది_కిటికీ
బుధవారం, రాత్రి 10.05

ఉత్తరం దొరికింది! అమ్మ ఆ కాగితాన్ని తాతయ్య ఫోటో చట్రం వెనక దోపి ఉంచిందట. అడుగున చేతిరాతతో సంఖ్య ఉంది, చివర 1 నుంచి 11 దాకా. అంటే పదకొండు వస్తువులు. చిత్రిక ఒక్కటే ఇచ్చామనుకుంటూ పెరిగాను. నకలు జతచేసి ఇవాళ ఉత్తరం ఇచ్చి వచ్చాను.


పాత_రిజిస్టరు
గురువారం, ఉదయం 6.20

చాలా మంచి కబురు. వెళ్లేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. వాళ్ల దగ్గర రాసి లేని సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది.


మేడమీది_కిటికీ
తర్వాతి శనివారం, రాత్రి 8.50

వెళ్లి వచ్చాం. అన్నీ వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరంతా లేకపోతే ఇది జరిగేది కాదు.

నిల్వ గది వెనక భాగంలో ఉంది. చల్లగా, శుభ్రంగా, వాసన లేకుండా ఉంది. ఒక ఉద్యోగిని చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని పళ్లెం తీసుకొచ్చి, తెల్లటి మెత్త మీద పెట్టారు. చిత్రికను చూడగానే అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది.

అది ప్రదర్శనలో ఎందుకు లేదంటే, సామాను మార్చేటప్పుడు అడుగున గుండుసూది మొనంత రంధ్రాలు, వాటి కింద సన్నటి పొడి కనిపించాయట. పుచ్చు పురుగు. మిగతా చెక్క వస్తువులకు పాకకుండా వెంటనే విడిగా తీసి, పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 30 డిగ్రీల చలిలో మూడు రోజులు ఉంచారు. బయటికి తీశాక కూడా గది వేడికి వచ్చేదాకా చుట్టు విప్పలేదట, విప్పితే చెమ్మ చెక్క మీదే పడుతుందని. ఇంకొన్నాళ్లు గమనించి, కొత్త పొడి రాలకపోతేనే బయట పెడతారు. చీటీలో పేరు లేకపోవడం మాత్రం పొరపాటేనని, కొత్త నమూనాలో ఇచ్చినవారి పేరుకు చోటు పెట్టడం మరిచారని ఆమె ఒప్పుకున్నారు.

తర్వాత చిత్రిక వివరాలు నమోదు చేసిన కార్డు చూపించారు. తాతయ్య పేరుంది. కింద ఒక వాక్యం: «ముందు భాగంలో కుడి పక్క లోతైన అరుగుదల, కారణం తెలియదు.» ఆ పళ్లెంలోనే మరో ఇద్దరు వడ్రంగుల చిత్రికలు ఉన్నాయి. వాటికి బొటనవేలు ఆనే గుంట ఎడమ పక్క ఉంది. తాతయ్యదానికి కుడి పక్క, ఒక వేలు పూర్తిగా ఇమిడేంత, నూనె పట్టినట్టు నునుపుగా.

అమ్మ అటు చూసి, «నాన్నది ఎడమచేతి వాటం» అంది.

ఎడమచేతి వాటం వాళ్లు వెనక ఎడమచేత్తో తోస్తూ, ముందు కుడిచేత్తో అదిమి పడతారు. అందుకే కుడి బొటనవేలు ఆ పక్క చెక్కను తినేసింది. ఉద్యోగిని తొడుగు తీసి పెన్సిలు అందుకుని, అమ్మ చెప్పింది చెప్పినట్టు కార్డు మీద రాశారు. తేదీ వేశారు, చెప్పినవారు కూతురు అని రాశారు. ఆపైన అమ్మను ఒక గంట కూర్చోబెట్టి గొంతు రికార్డు చేసుకున్నారు. బ్లేడు ఎలా నూరేవారు, చిత్రిక పడుతుంటే లేచే చుట్టలతో పిల్లలు ఏం ఆడుకునేవారు, అన్నీ అడిగారు.


నాలుగు_చక్రాలు
శనివారం, రాత్రి 9.15

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. నా సంగతి కూడా చెబుతాను: పడుకోబెట్టిన ఆ చీటీని నిలబెట్టారు. తెరలు ఇంకా అలాగే ఉన్నాయి. మళ్లీ రాసి ఇచ్చాను.


బల్లమీద_సుద్ద
శనివారం, రాత్రి 9.30

చిత్రిక బయట పెట్టిన రోజు తప్పకుండా చెప్పండి. ఆ ఆరో తరగతి అమ్మాయికి నేను ఒక జవాబు బాకీ ఉన్నాను.


వేపచెట్టు_నీడ
శనివారం, రాత్రి 11.40

పాత రిజిస్టరు గారూ, మా నాన్న ఇత్తడి కొలపాత్రలు మూడు ఇంట్లో అటక మీద ఉన్నాయి. అడుగున ఆయన గీసుకున్న గుర్తులున్నాయి. ఏ గుర్తు ఏమిటో చెప్పగలిగేది ఇప్పుడు మా పెద్దత్త ఒక్కరే, ఆమెకు ఎనభై ఆరేళ్లు. ముందు వస్తువులు తీసుకెళ్లాలా, లేక ముందు ఆమె చెప్పేది రాయించుకోవాలా?


పాత_రిజిస్టరు
ఆదివారం, ఉదయం 6.10

ముందు ఆమె దగ్గరకు వెళ్లండి, వీలైతే ఇవాళే. పాత్రలు తోమకండి.